కట్టినవాడే ముందెక్కాలి

మా బావకు రాకెట్లంటే ప్రాణం. తన ప్రాణం కాదు, ఎదుటివాళ్ల ప్రాణం. ఈ ముక్క ఆయన మొహం మీద అనడానికి నాకు ఏళ్లు పట్టింది. అన్నాక ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. భావనపాడులో ఆయనకు ఫైబర్ బోట్లు కట్టే షెడ్డు ఉంది. కాపురం మాత్రం కాశీబుగ్గలో, కిటికీ తీస్తే జీడిగింజలు కాల్చిన పొగ ఇంట్లోకి వచ్చే వీధిలో. నేను పలాసలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా పుట్టిల్లు అక్కుపల్లి పక్కన, సముద్రం ఒడ్డు పల్లె. అక్కడ ఇప్పుడు మా తమ్ముడు ఉంటున్నాడు. వేటకు వెళ్తాడు, కుడికాలు ఈడ్చి నడుస్తాడు. ఆ కాలు అలా అవ్వడానికి కారణం మా బావ కట్టిన మొదటి బోటు.

మా ఊళ్లో కొత్త బోటు మొదటిసారి కెరటాలు దాటేటప్పుడు దాన్ని కట్టినవాడు అందులో కూర్చోవాలి. తెప్పలు, చెక్క పడవల రోజుల నుంచి ఉన్న పద్ధతి ఇది. వడ్రంగికి ఈత రాకపోయినా సరే, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, ఆయన నుదుట బొట్టు పెట్టి, పడవ ముందు భాగంలో కూర్చోబెట్టి తోసేవాళ్లు. మా నాన్నమ్మ బతికున్న రోజుల్లో దీనికి భక్తి కారణాలేవీ చెప్పేది కాదు. "ఆడే కూకోవాలని తెలిత్తే మేకు గట్టిగా కొడతాడు" అనేది. అంతే.

ఫైబర్ వచ్చాక బోట్లు షెడ్డుల్లో తయారవుతున్నాయి. కట్టించేవాళ్లు టౌన్లలో కాపురాలు పెట్టారు. పద్ధతి సడలిపోయింది. అయినా బావ మొదటి బోటు దింపే రోజున మా ఊరివాళ్లు ఆయన వైపు చూశారు, అల్లుడు కదా, పద్ధతి తెలిసినవాడు కదా అని. సరిగ్గా ఆ పొద్దునే ఆయనకు కడుపునొప్పి వచ్చింది. "నా బదులు మా బావమరిది కూకుంటాడు" అని మా తమ్ముణ్ని ఎక్కించి, తను ఒడ్డున కొబ్బరి చిప్ప పట్టుకుని నిలబడ్డాడు. పెద్ద కెరటం దగ్గర, ఇంజిను బిగించిన బల్ల ఊడి వచ్చేసింది. బోటు అడ్డం తిరిగి బోల్తా కొట్టింది. తమ్ముడి కాలు బోటు అంచుకీ ఇసుకకీ మధ్య నలిగిపోయింది. ఆటోలో వాణ్ని టెక్కలి తీసుకెళ్తుంటే బావ నా పక్కన కూర్చుని, "బోటు తప్పు కాదు మరదలా, కెరటమే అడ్డంగా వొచ్చింది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట ఎవడో. అప్పటికి ఆయన కడుపునొప్పి తగ్గిపోయింది కూడా.

ఇలాంటి మనిషి, మనుషుల్ని అంతరిక్షంలోకి పంపడం గురించి మాట్లాడతాడు. రాకెట్టు ఎగిరే ప్రతి రోజూ, ఎగరబోతోందని వార్త వచ్చిన ప్రతి ఆదివారమూ అక్క నన్ను భోజనానికి పిలుస్తుంది. చేపల పులుసు, గోడంత టీవీ, మా ఇద్దరి గొడవ. వాదన మొదలవగానే బావ రిమోట్ తీసుకుని టీవీ గొంతు నొక్కేస్తాడు. తన గొంతు వినపడాలి కదా. తెర మీద నీలం దుస్తుల్లో, రేపు పైకి వెళ్లబోయే ఆ మనుషులు మాట్లాడుతూనే ఉంటారు. పెదవులు కదులుతుంటాయి. ఇక్కడ మేం అరుచుకుంటుంటాం.

"ఏటి మరదలా, ఇంకా ఎన్నాళ్లు ఈ ఖాళీ డబ్బాలు పంపడం? మనిసిని కూకోబెట్టి ఎగరెయ్యాలి గానీ. ముందు బొమ్మని కూకోబెడతారంట, బొమ్మని! లోకం నవ్వదేటి?"

"నవ్వితే పళ్లు కనిపిత్తాయి, అంతే బావా. మనిసి కాలిపోతే బూడిద కూడా కనిపించదు."

"భయం! మన దేశానికి పట్టిన రోగం అదే."

నా లెక్క నాది. ఇప్పుడు మన దగ్గరున్న బరువైన రాకెట్టు చాలాసార్లు ఎగిరింది. దాని గుణం మనకు తెలుసు. దానికీ ఒక చిక్కుంది. పక్కన కట్టిన రెండు పెద్ద గొట్టాల్లో ఉండేది ఘన ఇంధనం, దీపావళి చిచ్చుబుడ్డి లాంటిది. ముట్టించాక ఆపడం మన చేతిలో ఉండదు. అందుకే మనుషులుండే గదికి పైన ఇంకో చిన్న రాకెట్టు బిగిస్తారు. కింద ఏదైనా తేడా వస్తే అది ఆ గదిని ఊడబెరికి దూరంగా లాక్కుపోవాలి, తర్వాత పారాచూట్లు విచ్చుకుని ఆ గది సముద్రంలో దిగాలి. ఏ సముద్రం? మా బంగాళాఖాతమే. ఇదంతా ఖాళీగా, బొమ్మతో, మళ్లీ ఖాళీగా పరీక్షించాకే మనిషిని ఎక్కించాలంటాను. అసలు మనిషే వెళ్లి చేయాల్సిన పని అక్కడ ఏముందో ముందు తేల్చమంటాను. కెమెరాకు ఊపిరి అక్కర్లేదు. వెనక్కి రాకపోతే దానికోసం ఏడ్చే అప్పాచెల్లెళ్లు ఉండరు.

బావకు పాతదేదీ నచ్చదు. కొత్త రాకెట్టు కట్టాలి, దాని కింది భాగం తిరిగొచ్చి నిలువునా దిగాలి, మళ్లీ అదే ఎగరాలి, దాని మీదే మనుషులు పోవాలి, పైన ఇల్లు కట్టాలి, అటునుంచి చంద్రుడి మీదికి పోవాలి. "గోబర్ గ్యాసుతో నడిచే ఇంజినంట!" అని కళ్లు పెద్దవి చేస్తాడు. మీథేన్ అని సరిదిద్దితే "పేరులో ఏటున్నాది" అంటాడు. ఆయన మాటలో పస లేదని నేననను. ఎగిరిన ప్రతిసారీ రాకెట్టును సముద్రంలో పారేసుకుంటూ పోతే పైన ఇల్లు కట్టడం అయ్యే పని కాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆయన ఎదుట మాత్రం చచ్చినా ఒప్పుకోను.

అక్క వంటింట్లోంచి అరుస్తుంది. "ఉట్టికెగరలేనమ్మ సొర్గానికెగిరిందంట. పులుసు సల్లారిపోతంది, తినండి ముందు."

ఈ గొడవలో మా తమ్ముడి కాలు గురించి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. వాడు ఎప్పుడైనా వస్తే గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని చేప ముళ్లు తీసుకుంటూ ఉండేవాడు. కాని మేం అరుచుకునేది దాని గురించేనని నాకూ తెలుసు, బావకూ తెలుసు.

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం, అన్నం కలుపుకుంటూ బావ తీరిగ్గా చెప్పాడు. "వొచ్చే వారం కొత్త మోడలు దింపుతున్నాను. రెండు ఇంజిన్లు. మీ ఊరి ఒడ్డునే. తొలి దాటుకి మీ తమ్ముణ్నే కూకోమన్నాను."

ముద్ద కంచంలో వదిలేశాను. "మరి నువ్వు?"

"నాకు బీపీ కదేటి."

కడుపునొప్పి బీపీ అయింది. మనిషి ఎదిగాడు.

ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. ఎక్కొద్దురా అన్నాను. "సూద్దాంలే సిన్నప్పా" అని పెట్టేశాడు. మా వైపు అక్కను అప్ప అంటారు, వాడికి నేను చిన్నప్పను. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఉన్నది ఒక్క తమ్ముడు. ఒక కాలు ఇప్పటికే ఆ షెడ్డుకు ఇచ్చాం. రెండోది కూడా ఇచ్చే ఉద్దేశం నాకు లేదు.

ఆ వారంలోనే మా బడిలో సైన్స్ దినం వచ్చింది. మా హెడ్మాస్టరు గారు వక్తృత్వ పోటీకి పెట్టిన అంశం వినగానే నాకు నవ్వొచ్చింది: మనిషిని అంతరిక్షంలోకి ఇప్పుడున్న రాకెట్టు మీద పంపాలా, కొత్తది వచ్చేదాకా ఆగాలా, అసలు పంపాలా. ముఖ్య అతిథి ఎవరో తెలిశాక నవ్వు ఆగిపోయింది. బడికి మంచినీళ్ల ప్లాంటు పెట్టించిన దాత, మా బావ. మా ఉద్దానంలో మంచినీళ్లిచ్చినవాడికి ఎదురు చెప్పేవాళ్లుండరు. కిడ్నీలు పోయిన ఇల్లు లేని వీధి లేదు మరి, నీళ్ల వల్లేనంటారు. ఆ ప్లాంటు మంచి పనే. మంచి పని చేసినవాడి మీద కోపం ఉంచుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, నేను ఉంచుకున్నాను.

పిల్లలు మాకంటే బాగా మాట్లాడారు. ఒక అమ్మాయి, యంత్రాలు చాలు, ఫోటోలు అవే తీసి పంపుతాయి, మనిషిని చంపుకోవడం ఎందుకంది. నా మాటే అది, నా క్లాసు పిల్లే. వెంటనే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి, "మరైతే అమ్మోరి జాతరకి మనమెందుకెల్తాం టీచర్? ఫోన్లో సూసేత్తే సరిపోదేటి?" అంది. హాలంతా నవ్వు. నేనూ నవ్వాను.

తర్వాత బావ మైకు అందుకున్నాడు. టౌను భాషలో మొదలుపెట్టాడు. "ప్రమాదం లేకుండా ప్రగతి లేదు పిల్లలూ. ఎవరో ఒకరు ముందు ఎక్కాలి. నా మొదటి బోటును మా బావమరిదే ఎక్కాడు. కాలు పోగొట్టుకున్నాడు. అయినా రేపు శుక్రవారం నా కొత్త బోటు కూడా అతనే ఎక్కుతున్నాడు. అలాంటి వీరులు కావాలి దేశానికి!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. నా చెవుల్లో ఆ చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. మా తమ్ముడి కాలును దండలా మెడలో వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు ఈ మనిషి. నాకు ఒళ్లు మండిపోయింది. వందన సమర్పణ చేయాల్సింది నేనే. వేదిక ఎక్కి మైకు తీసుకున్నాను.

"మా పల్లెలో ఒక పద్ధతి ఉంది పిల్లలూ" అన్నాను. "కొత్త బోటు కట్టినవాడే అందులో ముందు ఎక్కాలి. మీ ముఖ్య అతిథి గారు మా ఊరి అల్లుడు. ఈ పద్ధతి ఆయనకు బాగా తెలుసు. మొదటి బోటప్పుడు ఆయనకు కడుపునొప్పి వచ్చింది, అందుకే మా తమ్ముడు వీరుడయ్యాడు. ఎవరో ఒకరు ముందు ఎక్కాలని చాలా బాగా చెప్పారు. ఆ ఎవరో ఎవరు బావా?"

హెడ్మాస్టరు గారు తల దించుకుని గడియారం చూసుకుంటున్నారు. బావ మొహం ముందు ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. ముందు వరసలో పిల్లలు ఆయన్నే చూస్తున్నారు.

"నానే ఎక్కుతాను" అన్నాడు. టౌను భాష ఎటు పోయిందో పోయింది.

ఇప్పుడూ చప్పట్లు మోగాయి. నేను గెలిచానని అనుకున్నాను. బావ ఎక్కితే తమ్ముడు ఎక్కక్కర్లేదు, అదీ నా లెక్క.

శుక్రవారం పొద్దున మా ఊరి ఒడ్డున జనం జాతరకు వచ్చినట్టు వచ్చారు. మాట ఊరూరా పాకిపోయింది. సముద్రం మంచిగా లేదు, మరీ చెడ్డగానూ లేదు. కొత్త బోటు నీలం రంగులో మెరుస్తోంది, ముందు భాగానికి పసుపు రాశారు, వేపమండలు కట్టారు. బావ తెల్ల చొక్కా మీద నారింజ రంగు లైఫ్ జాకెట్ బిగించుకుని దిగాడు.

"ఓలమ్మా, రాకెట్టు బావొచ్చినాడు!" అని ఆడవాళ్లు నవ్వారు. "సెంద్రుడి మీంచి మాకేటి తెత్తావు బావా?"

బావ నవ్వడానికి ప్రయత్నించాడు. పెదవులు ఆరిపోయి ఉన్నాయి. ఆయన భయం చూస్తే నాకు జాలి వేస్తుందేమోనని ఎదురు చూశాను. వెయ్యలేదు. ఉన్నమాట చెబుతున్నాను, చాలా బాగుంది.

అక్క వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగాయి. "నా పసుపు కుంకాలు నీకు ఆటలాగున్నాయేటే? నలుగురిలో గెలవడానికి నా మొగుణ్ని సముద్రంలో తోత్తావా?"

"మరి తమ్ముణ్ని తోసినప్పుడు నువ్వేటన్నావు అప్పా?"

అక్క చెయ్యి వదిలేసింది.

కొబ్బరికాయ కొట్టారు. బావ నుదుట బొట్టు పెట్టి, ఇద్దరు జబ్బలు పట్టుకుని ముందు భాగంలో కూర్చోబెట్టారు. అప్పుడు జనాన్ని తోసుకుంటూ తమ్ముడొచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. కాలు ఈడ్చుకుంటూ నేరుగా బోటు వెనక్కి పోయి, రెండు చేతులతో అంచు పట్టుకుని, ఎక్కేసి ఇంజిను దగ్గర కూర్చున్నాడు.

నాకు పిచ్చెక్కినంత పనైంది. నీళ్లలోకి పరిగెత్తాను, చీర మోకాళ్ల దాకా తడిసింది. "దిగరా! కట్టినోడు కూకున్నాడు కదా, నువ్వెందుకు? ఇంజిను ఇంకెవరన్నా పడతారు. దిగు!"

"ఎవుడు పడతాడు? ఈ రెండింజిన్లది పట్టే మొగోడు ఈ ఒడ్డు మీద నాను గాక ఎవుడున్నాడు?" అన్నాడు అందరికీ వినపడేలా. వాడికి గొప్పలు ముందునుంచీ ఎక్కువే.

"ఇంతదాకా వొచ్చింది నిన్ను తప్పించడానికేరా! నీ కోసం నలుగురిలో నోరు చేసుకున్నాను!"

వాడి మొహం మారిపోయింది. అంత కోపం నా మీద వాడికి ఉందని ఆ క్షణం వరకూ నాకు తెలీదు.

"నా కోసమేటి?" అన్నాడు. "ఇన్నేళ్లయి ఆ టీవీ ముందు కూకుని ఇద్దరూ నా కాలట్టుకుని లాక్కుంటన్నారు. బావేమో ఈరుడంటాడు. నువ్వేమో బలి సేసేసినారంటావు. ఎక్కుతావేట్రా, నీకిష్టమేనేట్రా అని ఒక్కలన్నా అడిగినారా? నువ్వడిగినావా సిన్నప్పా? ఆ పొద్దు బావ ఎక్కించినాడని ఎక్కలేదు నాను. కొత్త బోటు, ఎవుడూ దాటంది, ముందు నానే దాటాలని ఎక్కినాను. ఇయాలా అంతే. కందకి నేని దురద కత్తిపీటకెందుకు?"

"కాలు పోయింది కదరా!"

"కాలు నాదప్పా."

బోటు ముందు భాగంలో బావ ఇదంతా వింటున్నాడు. ఆయన మొహం చూశాను. వీరుడు అన్న మాట కూడా ఆయన నోట్లోంచి లాగేసుకున్నట్టు ఉంది. వాడు ఈయన కోసం కాలు ఇవ్వలేదు మరి. ఆయనకు పొగడ్తా మిగల్లేదు, నాకు నిందా మిగల్లేదు. అదొక్కటే మా ఇద్దరం ఆ రోజు సమానంగా పంచుకున్నది.

"తొయ్యండ్రా!" అని తమ్ముడు అరిచాడు. తోశారు.

మొదటి కెరటానికి బోటు ముందు భాగం ఆకాశంలోకి లేచింది. బావ రెండు చేతులతో అంచు కరుచుకున్నాడు. అక్క గంగమ్మను పిలుస్తోంది, నేను ఎవరినీ పిలవలేదు. రెండోదానికి బోటు పక్కకు ఒరిగింది, జనం హో అన్నారు. ఇంజిన్ల చప్పుడు ఒకసారి సన్నగిల్లి మళ్లీ అందుకుంది. పెద్ద కెరటం లేచేసరికి బోటు కనిపించలేదు. తర్వాత కెరటాలకు అవతల, నున్నటి నీళ్ల మీద కనిపించింది. బావ అంచు మీదికి వంగి కక్కుకుంటున్నాడు. తమ్ముడు వెనక లేచి నిలబడ్డాడు, తలకు చుట్టిన తువ్వాలు విప్పి గాలిలో తిప్పుతున్నాడు. మా వైపు తిరిగి కాదు. అటు, సముద్రం వైపు తిరిగి.

వాడి మీద కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. బావ మీద అసలే తగ్గలేదు. ఆ రోజు బల్ల ఊడింది ఆయన షెడ్డులోనే, కడుపునొప్పి ఆయనదే. తమ్ముడికి ఇష్టమైనంత మాత్రాన మేకు వదులుగా కొట్టడం ఒప్పు కాదు. ఈ మాట మా నాన్నమ్మ ఉన్నా ఇలాగే అనేది. కొత్త బోట్లకు ఆ బల్ల ఇప్పుడు మందంగా వేయిస్తున్నాడని విన్నాను. ముందే వేయిస్తే ఏం పోయింది?

చాలా వారాలు అక్క నన్ను పిలవలేదు. ఆఖరికి ఒక ఆదివారం, మనుషుల్ని పంపే రాకెట్టు గురించి ఏదో ప్రత్యేక కార్యక్రమం ఉందని కబురు చేసింది. బావా నేనూ పలకరించుకోలేదు. తమ్ముడు కూడా వచ్చి గుమ్మం పక్కన తన కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద ఆ నీలం దుస్తుల మనిషి ఒకడు కనిపించాడు.

"ఇంకా ఎన్నాళ్లీ పాత రాకెట్టు..." అని బావ గోడతో అన్నట్టు అన్నాడు.

"కొత్తదాన్ని ముందు ఖాళీగా ఎగరనియ్యండి" అని నేను అన్నం ప్లేటుతో అన్నాను.

బావ అలవాటు ప్రకారం రిమోట్ అందుకుని గొంతు నొక్కేశాడు. తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. కాలు ఈడ్చుకుంటూ వచ్చి, బావ చేతిలోంచి రిమోట్ లాక్కున్నాడు.

"కాసేపు నోరు ముయ్యండి ఇద్దరూ" అన్నాడు. "ఆడేటంతన్నాడో ఇననియ్యండి."

గొంతు పెంచాడు. ఇన్నేళ్లుగా ఆ మొహాన్ని ఆ తెర మీద చూస్తున్నాను, అతని తరఫున వాదిస్తున్నాను. అతని గొంతు వినడం నాకు అదే మొదటిసారి.